సీసాకు రెండో వైపు

ఓడ పొట్టమీద మొదటి చుక్క కనిపించినప్పుడు చిన్నకోడలు దాన్ని దుమ్మే అనుకుంది. ఊదితే పోలేదు. చిటికెనవేలి గోటితో తాకి చూసింది. ఆవగింజలో సగం కూడా లేని గడ్డ గరుకుగా తగిలింది. మేడ తలుపు బార్లా తీసి ఉండడంతో వెలుతురు పక్కనుంచి పడుతోంది. తల వంచి ఆ వెలుతురులో చూస్తే అలాంటివి ఇంకా ఉన్నాయి. అప్పటిదాకా మీగడలా పరుచుకుంటూ వచ్చిన బూడిదనీలం రంగు జానెడు మేర ఇసుక చల్లినట్టయింది.

ఎయిర్‌బ్రష్ మీట వదిలేసింది. పెన్నులా చేతిలో ఇమిడిపోయి, సూది కొసనుంచి రంగు చల్లే ఆ పనిముట్టు బుస్సుమని ఆగింది. మూలనుంచి దానికి గాలి పంపే కంప్రెసర్ మాత్రం తన గోల తాను పెడుతూనే ఉంది.

"ఏమైంది?" అంది కిటికీ దగ్గర బల్లముందు కూర్చున్న పెద్దకోడలు, తల ఎత్తకుండానే.

"ఏం లేదక్కా. సూది తుడుస్తున్నా."

తల ఎత్తకుండా ఏదో అయిందని ఎలా తెలిసింది? ఆ ప్రశ్న చిన్నకోడలి మనసులో ముల్లులా దిగింది.

ఆ ఇంటి మేడమీద హాలంతా బావగారి కార్ఖానా. ఓడలు, వంతెనలు, రైలుపెట్టెలు ఉన్నవి ఉన్నట్టుగా చిన్నవి చేసి, అద్దాల పెట్టెల్లో పెట్టుకునేవాళ్ళకి ఇస్తారు. చెక్క కోసి అతికించేది బావగారు. లేతు మిషను మీద స్తంభాలు, గొట్టాలు తీసేది ఆయన తమ్ముడు, అంటే చిన్నకోడలి మొగుడు. రంగులు ఇద్దరు కోడళ్ళవి. ఇప్పుడు బల్లమీదున్న ఓడ మనిషంత పొడవుంది. ఓ షిప్పింగు కంపెనీ ముందు హాల్లో నిలబడాల్సింది.

రంగు చల్లే కుర్చీ మొన్నమొన్నటిదాకా పెద్దకోడలిది. భుజం పట్టేసి చెయ్యి చెవిదాకా లేవకపోయేసరికి ఈ ఓడతో ఆ కుర్చీ చిన్నకోడలికి వచ్చింది. పెద్దకోడలు రంగు కలిపే బల్లకు మారింది. అదీ చిన్న పనేం కాదు. డబ్బాలో ఉన్న రంగు ఉన్నట్టే పోస్తే ఎయిర్‌బ్రష్‌లో నడవదు. థిన్నర్ చుక్క చుక్కగా వేసి, నురుగు రాకుండా మెల్లగా కలిపి, గిన్నె వంచితే అంచుదాకా పాకి పాలలా దిగేటట్టు చెయ్యాలి. దిగిన చోట పల్చటి పొర మిగలాలి. చిక్కనైతే సూది దగ్గర గడ్డకట్టి తుంపర్లు ఉమ్ముతుంది. మరీ పల్చనైతే గాలికి చెదిరి సాలెపురుగు కాళ్ళలా నాలుగు వైపులా పాకుతుంది. ఓడంతా ఒకే రంగులో, ఒకే పల్చనలో ఉండాలని పెద్దకోడలు మూడు రంగులు కలిపి ఆ బూడిదనీలాన్ని పుట్టించింది. ఓ డబ్బాడు చిక్కటి రంగు అవసరానికి దాచుకుని, మిగతాదంతా ఒక్కసారే పల్చన చేసి పెద్ద గాజుసీసాలో పోసి అరమీద పెట్టింది. దాన్ని తల్లిసీసా అంటారు. కలిపి పెట్టాక తల్లిసీసాలో ఎవరూ ఏదీ పోయకూడదు. మెల్లగా కదిపి, కావలసినంత వంచుకోవడమే. ఆ హాల్లో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేని సంగతి ఇది.

కుర్చీ అప్పగించిన రోజునే బావగారు మాట చెప్పేశారు. "పొట్ట బాగా వచ్చిందనుకో, ఇక ఈ కుర్చీ నీదేనమ్మా. రాలేదనుకో, బయటినుంచి పెయింటర్ని పిలుస్తా. నువ్వు మళ్ళీ గరుకుకాగితం పట్టుకోవాలి. ఇందులో మొహమాటాల్లేవు."

గరుకుకాగితం అంటే ఏమిటో చిన్నకోడలి వేళ్ళకు తెలుసు. ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడి ఓడలన్నీ ఆమె రుద్దితేనే నునుపెక్కాయి. వేలికొసలు ఎంత అరిగాయంటే ఫోను కూడా ఆమె వేలిని గుర్తుపట్టడం మానేసింది.

లేచి తల్లిసీసా తీసి పక్కకు వంచి చూసింది. రంగు గాజు మీదికి పాకి, దిగింది. నెమ్మదిగా దిగినట్టనిపించింది. ఇంకోసారి వంచింది. ఈసారి ఇంకా నెమ్మదిగా దిగినట్టనిపించింది.

ముందురోజు భోజనాల దగ్గర అత్తగారన్న మాట గుర్తొచ్చింది. "చిన్నదాని చెయ్యి మెత్తన. రంగు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలీదు. నీది మొదట్నుంచీ కాస్త బండచెయ్యే పెద్దదానా!" అందరూ నవ్వారు. పెద్దకోడలు అందరికంటే గట్టిగా నవ్వి, నిండుగా ఉన్న మంచినీళ్ళ జగ్గు తీసుకుని నీళ్ళు తెస్తానంటూ లోపలికి వెళ్ళింది.

టీ వేళకు పెద్దకోడలు కిందికి దిగింది. మెట్లమీద చెప్పుల చప్పుడు ఆగేదాకా చిన్నకోడలు కదల్లేదు. ఆగాక థిన్నర్ డబ్బా మూత తీసింది. డ్రాపర్‌తో తల్లిసీసాలో కాస్త వేసి, గాజుకడ్డీతో తిప్పి, మళ్ళీ ఎక్కడిది అక్కడ పెట్టేసింది. పొద్దు వాలుతోందని మేడ తలుపు మూసి లైటు వేసుకుంది. ఆ సాయంత్రమంతా రంగు వెన్నలా నడిచింది.

'అనుకున్నదే అయింది,' అనుకుంది. 'అక్క కావాలనే చిక్కగా పెట్టింది.'

ఇసుకపట్టిన మేర నీళ్ళతో తడిపి రుద్దేసింది. ఎవరికీ చెప్పలేదు.

*

మర్నాడు పొద్దున తల్లిసీసా లోంచి వంచుకున్న మొదటి గిన్నే ఉమ్మింది.

రాత్రి మూత బిగించే వెళ్ళింది. మూత ఉన్న సీసాలో రంగు తనంతట తాను చిక్కబడదు. చిన్నకోడలు ఎయిర్‌బ్రష్ విప్పి, సూది తీసి, కొసన కట్టిన రంగుగడ్డను గుడ్డతో తుడుస్తూ పెద్దకోడలి వీపునే చూసింది. పెద్దకోడలు చీరకొంగు నడుముకు దోపి, ఓడ మీద పెట్టాల్సిన చిన్నచిన్న పడవలకు ప్రైమర్ అనే అడుగురంగు పూస్తోంది. భుజం నొప్పి పెట్టినప్పుడల్లా కుంచె ఎడమచేతిలోకి మారుస్తోంది. ఏమీ ఎరగనట్టు కూనిరాగం కూడా తీస్తోంది.

"అక్కా, రంగు చిక్కగా ఉన్నట్టు లేదూ?" అంది చిన్నకోడలు, మాట వీలైనంత తేలిగ్గా వదిలి.

కూనిరాగం ఆగింది. "చిక్కగానా? నాకైతే పల్చగానే అనిపిస్తోంది."

"పల్చగానా!"

"నీ చెయ్యి మెత్తన కదా, నీకు అలా అనిపిస్తుందేమో."

అని పెద్దకోడలు నవ్వింది. ఆ నవ్వులో ఏముందో తెలియక చిన్నకోడలికి ఒళ్ళంతా చిరచిరలాడింది.

మధ్యాహ్నం భోజనానికి మొగుణ్ణి పిలిచే నెపంతో లేతు దగ్గరికి వెళ్ళింది. అతను ఇత్తడి ముక్కను తిప్పుతూ ఓడ గొట్టాన్ని తీస్తున్నాడు.

"మీ వదిన నామీద ఏమన్నా అందా?"

"ఏ విషయం?"

"ఏ విషయమైనా."

"నిన్న కూరలో ఉప్పెక్కువైందంది."

"అది కాదు! రంగు విషయం."

"నాకెందుకే మీ ఇద్దరి మధ్యా? ఈ మిషను మధ్యలో చెయ్యి పెట్టినా వేలే పోతుంది. మీ మధ్యలో పెడితే తలకాయే పోతుంది." అతను మళ్ళీ లేతు తిప్పాడు. ఇత్తడి రజను మెలికలు మెలికలుగా రాలింది.

ఆ పూట మళ్ళీ థిన్నర్ పోసింది. ఈసారి కోపంలో కాస్త ఎక్కువే పడింది. ఓడ వెనకభాగం వంపు దగ్గర మీట నొక్కగానే రంగు తడితడిగా పడి, గాలికి కాళ్ళు వచ్చి నాలుగు వైపులా పాకింది. ఓ ధార అడుగుదాకా జారి, చివర బొట్టై నిలిచింది.

దాన్ని కాగితంతో అద్దుతూ ఉండగా వెనక నీడ పడింది. బావగారు.

 కళ్ళజోడు నుదుటిమీదినుంచి దించుకున్నారు. వేలి వెనకభాగంతో ఓడ పక్కను ముందునుంచి వెనకదాకా నిమిరారు. ఇసుక తగిలిన చోట వేలు ఆగింది, ధార దగ్గర మళ్ళీ ఆగింది.

"ముందు గరుకు. వెనక ధార. ఒకే సీసా రంగు రెండు వేషాలెలా వేస్తుందమ్మా?"

 లేతు ఆగింది. చిన్నకోడలు పెద్దకోడలి వైపు చూసింది. పెద్దకోడలు కూడా ఆమెనే చూస్తోంది. కళ్ళు కళ్ళు కలిసి, వెంటనే ఇద్దరివీ పక్కకు తప్పుకున్నాయి.

'మీ ఆవిడే చేస్తోంది' అని బావగారితో ఎలా అంటుంది? నాలుక కొసదాకా వచ్చిన మాట మింగేసరికి, దాని స్థానంలో ఇంకో మాట జారింది.

"గిన్నెల్లో... సబ్బు ఉండిపోతోందేమో బావగారూ."

"అవునవును," అంది పెద్దకోడలు వెంటనే. "నాకూ అదే అనుమానం."

రెండు రోజుల్లో వాళ్ళిద్దరూ ఒక్కమాట మీద నిలబడ్డది అప్పుడే.

గిన్నెలు కడిగేది సీసాల పిన్ని. మేడమీద కుళాయి దగ్గర ముక్కాలిపీట వేసుకుని, రంగుగిన్నెలు, గాజుకడ్డీలు, సీసాలు, మూతలు కడిగి గుడ్డమీద బోర్లించడం ఆమె పని. వరసకి ఎవరికీ పిన్ని కాదు, అందరికీ పిన్నే. పనిచేస్తున్నంతసేపూ ఎవరో ఒకరిని తిట్టుకుంటూ ఉంటుంది. ఎక్కువగా కుళాయిని.

బావగారు కుళాయి దగ్గరికి వెళ్ళారు. లోపలికి మాటలు వినిపించాయి.

"సబ్బా? ఇన్నేళ్ళూ నా చేతి సబ్బు ఎక్కడికి పోయింది బాబూ? నిన్ననే దొరికిందా మీకు?"

"నేను తప్పు పట్టడం లేదు పిన్నీ. ఈ ఓడ అయ్యేదాకా కాస్త ఆగు. ఆ గిన్నెలేవో వీళ్ళే కడుక్కుంటారు."

"ఆగడమంటే మానడమేగా? సరిగ్గా చెప్పు."

బావగారు సరిగ్గా చెప్పలేదు. పిన్ని తడిచేతులు చీరకు తుడుచుకుని, పీటను గోడకు చేరవేసి, లోపలికి చూడకుండా, మెట్లమీద చేరి వింటున్న ఇరుగుపొరుగువాళ్ళ మధ్యనుంచి దిగిపోయింది. సగం కడిగిన గిన్నెలు తొట్టిలో తేలుతూ ఉండిపోయాయి.

చిన్నకోడలు సూది తుడుస్తూ కూర్చుంది. తుడవడానికి దానిమీద ఏమీ లేదు.

*

ఆ తర్వాత గిన్నెలు చిన్నకోడలే కడుక్కుంది. సబ్బు వాడనేలేదు. అయినా మర్నాడు పొద్దున రంగు ఉమ్మింది.

బావగారు మెట్లమీంచే ఒక మాట విసిరి వెళ్ళారు. "ఎల్లుండి పెయింటర్ని వచ్చి చూడమన్నా. ఈలోపు మీకు చేతనైతే చూసుకోండి."

ఎల్లుండి. కుర్చీ చేతుల మీద రంగు పొరలు పొరలుగా అంటుకుని ఉంది. అన్ని పొరలూ పెద్దకోడలివే. అన్నిటికంటే పైన, ఇంకా కొత్తగా మెరుస్తున్న ఒక్క బూడిదనీలం మరక తనది. చిన్నకోడలు ఆ మరకను వేలితో నిమిరింది.

అప్పుడే అత్తగారు ఉతికిన దుప్పట్లు ఆరెయ్యడానికి మేడెక్కింది. హాల్లోంచి వెళుతూ వెళుతూ అరముందు ఆగింది.

"ఏంటే ఇది! ఇన్నాళ్ళ బట్టీ చల్లుతున్నారు, ఈ సీసా తగ్గదేం? కింద ఊట గానీ ఉందా?"

అని తన మాటకు తానే నవ్వుకుంటూ దుప్పట్లతో వెళ్ళిపోయింది. చిన్నకోడలు నవ్వలేదు. పెద్దకోడలూ నవ్వలేదు.

నిజమే. సీసా తగ్గలేదు. తాను పోసిన థిన్నర్ కొంచెమే. రోజూ గిన్నెలకు గిన్నెలు చల్లుతోంది. లెక్కప్రకారం రంగు సగానికి దిగాలి. ఇంకా సీసా భుజందాకా ఉంది.

ఆ సాయంత్రం పని ముగిశాక, ఎవరూ చూడకుండా టేపును దారమంత సన్నగా చీల్చి, రంగు అంచు ఎక్కడుందో సరిగ్గా అక్కడ సీసాకు అంటించింది. ఆ హాల్లో టేపు ముక్కలు బల్లలకీ కుర్చీలకీ చీరలకీ కూడా అంటుకుని ఉంటాయి. ఎవరికీ అనుమానం రాదు. సీసాను తిరిగి పెట్టేటప్పుడు ఆ వైపు తనకు కనిపించేటట్టు పెట్టుకుంది.

పక్కమీద వాలిందన్న మాటే గానీ నిద్ర పట్టలేదు. అక్కే అయితే ఏం చెయ్యాలి? మొహంమీదే అడగాలి. అడిగితే ఏడుస్తుందా, అరుస్తుందా? అరిస్తే మంచిది. ఏడిస్తే అందరూ అటే ఉంటారు. మనసులో అక్కచేత రకరకాలుగా తప్పు ఒప్పించింది. ఒప్పించిన ప్రతిసారీ కుర్చీ తనకే దక్కింది.

తెల్లవారుతుండగానే లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. హాలు తలుపు ఓరగా తీసి ఉంది. లోపల కిటికీలోంచి పడుతున్న లేత వెలుతురులో పెద్దకోడలు నిలబడి ఉంది. ముందు తల్లిసీసా. మూత పక్కన పెట్టి ఉంది. ఎడమచేత్తో డ్రాపర్ పట్టుకుని, అవసరానికని దాచుకున్న, సగం ఖాళీ అయిన డబ్బాలోంచి చిక్కటి బూడిదనీలాన్ని పీల్చి, బొట్టు బొట్టుగా సీసాలో వదులుతోంది. కుడిచెయ్యి ఒంటికి అదుముకుని ఉంది. బొట్టు పడిన ప్రతిసారీ కడ్డీతో తిప్పి, సీసా వంచి, గాజుమీద రంగు ఎలా దిగుతోందో చూస్తోంది.

పట్టుబడింది. చిన్నకోడలు తలుపు నెట్టింది. రాత్రంతా పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు.

"ఏం పోస్తున్నావక్కా?"

పెద్దకోడలు ఉలిక్కిపడలేదు. వేలాడుతున్న బొట్టును సీసాలోకి రాలనిచ్చింది. డ్రాపర్‌ను గుడ్డమీద పెట్టింది.

"రంగు."

"కలిపి పెట్టాక అందులో ఎవరూ ఏదీ పోయకూడదుగా?"

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నా."

"నన్నా?"

పెద్దకోడలు సీసాను రెండుచేతుల మధ్యా పట్టుకుని మెల్లగా తిప్పింది. టేపు అంటించిన వైపు గోడకు మళ్ళింది. రెండో వైపు వెలుతురులోకి వచ్చింది. అక్కడ గాజుమీద సన్నటి తెల్లరంగు గీతలు ఒకదానిపైన ఒకటి, నిచ్చెనమెట్లలా ఉన్నాయి. కుంచెకొసతో గీసినవి. చిన్నకోడలు రోజూ ఆ సీసా పట్టుకుంటూనే ఉంది. రంగుసీసా మీద తెల్లమరక ఉంటే ఎవరు పట్టించుకుంటారు?

"ఇది నేను టీకి దిగినప్పటిది. ఇది మర్నాడు మధ్యాహ్నానిది. నువ్వు నీళ్ళలా చేసినప్పుడల్లా ఓ గీత పెట్టా. పొద్దున్నే వచ్చి మళ్ళీ దారిలోకి తెచ్చా. నేను తేవడం, నువ్వు చెడగొట్టడం!"

"నేను చెడగొట్టానా? నువ్వు చిక్కగా కలిపితే కదా నేను పోసింది!"

"నేను కలిపింది సరిగ్గానే ఉంది."

"మొదటి రోజే ఇసుక పడింది!"

"పడదూ మరి? మేడ తలుపు బార్లా తీసి కూర్చున్నావు. ఎండగాలి తిన్నగా నీమీదికే కొడుతోంది. రంగు ఓడమీదికి చేరేలోపే ఆరిపోతుంది, సూది కొసన ఆరిపోతుంది. తలుపు మూసుకోవాలి. సూది తుడుచుకుంటూ చల్లాలి. బుస్సు చప్పుడు మారగానే నాకు తెలిసింది. ఏమైందని అడిగాను కూడా. ఏం లేదన్నావు."

చిన్నకోడలు మేడ తలుపు వైపు చూసింది. ఆ సాయంత్రం తలుపు మూశాక రంగు వెన్నలా నడవడం గుర్తొచ్చింది. తన థిన్నర్ వల్లే నడిచిందనుకుంది.

"తెలిస్తే చెప్పొచ్చుగా అక్కా, తలుపు మూసుకోమని?"

"నువ్వు అడగొచ్చుగా?"

"అడిగితే చెప్పేదానివా?"

పెద్దకోడలు గుడ్డ దగ్గరికి లాక్కుంది. డ్రాపర్‌లో మిగిలిన రంగును గుడ్డమీదికి పిండింది. గుడ్డమీద నీలం వలయం విచ్చుకుంది.

"ఏమో," అంది చివరికి. "ఆ రోజు చెప్పేదాన్ని కాదేమో. అత్తయ్య అలా అన్న మర్నాడే కదా."

"నేను కుర్చీ లాక్కున్నాననుకున్నావా?"

"నా రంగు బాగాలేదని చూపించడానికే నీళ్ళు కొడుతున్నావనుకున్నా. కుర్చీ పోయింది, ఈ బల్ల కూడా పోతుందనుకున్నా." ఆమె కుడిభుజాన్ని ఎడమచేత్తో నొక్కుకుంది. "నువ్వేమనుకున్నావు?"

"అదే. అటువైపునుంచి."

ఇద్దరూ సీసాను చూస్తూ నిలబడ్డారు. ఓవైపు టేపు, ఓవైపు గీతలు. మధ్యలో ఇద్దరి చేతుల కిందా నలిగి ఎందుకూ పనికిరాకుండా పోయిన రంగు. పైనుంచి చూస్తే ఇప్పటికీ అందంగానే ఉంది.

"పారబోద్దాం," అంది పెద్దకోడలు. "తలుపు కంత అనో, గాలి అనో ఏదో ఒకటి చెబుదాం. ఈ మాట మనిద్దరి మధ్యే..."

"మరి పిన్ని?"

"ఏం పిన్ని?"

"సబ్బన్నాం కదా."

పెద్దకోడలు మొహం తిప్పుకుంది. "ఆ మాట అన్నది నువ్వు."

"అవునన్నది నువ్వు."

*

పిన్ని ఉండేది వెనక సందులో, మెట్లకింద గదిలో. వీళ్ళిద్దరూ వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని ఓ స్వెట్టరు విప్పుతూ ఊలు ఉండ చుడుతోంది. కూర్చోమనలేదు.

"ఏం తల్లుల్లారా, సబ్బు దొరికిందా?"

"సబ్బు కాదు పిన్నీ," అంది చిన్నకోడలు. "తప్పు మాదే. నువ్వు రా. పనిలోకి రా."

"ఎవరు రమ్మన్నారు?"

"మేమే."

"నన్ను మానమన్నది మీరా?" ఊలు చిక్కుపడింది. పిన్ని దాన్ని పళ్ళతో లాగి విడదీసింది. "నాకు మొహంమీద చెప్పింది మీ బావగారు. నాలుగిళ్ళవాళ్ళు మెట్లమీద వింటుండగా చెప్పాడు. ఆయన్నే రమ్మను. అలాగే మెట్లమీదే చెప్పమను. ఎందుకు తీశాడో, ఎందుకు పిలుస్తున్నాడో రెండూ చెప్పమను."

"నేను చెప్పి పంపిస్తా పిన్నీ."

"ఏమని చెప్తావమ్మా?" అని పిన్ని మొదటిసారి తల ఎత్తి చూసింది. అడిగిన తీరులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. 

ఇద్దరూ తిరిగొచ్చారు. ఇంటి గేటు దగ్గర పెద్దకోడలు చెయ్యి పట్టుకుని ఆపింది.

"పెయింటర్ వచ్చేది రేపే. ఇవాళ నోరు తెరిస్తే నీ కుర్చీ పోతుంది. తెలుసుగా?"

"తెలుసు."

"కొత్తగా కలిపి ఇస్తా. తలుపు మూసుకుని చల్లు. సాయంత్రానికి పొట్ట అద్దంలా వస్తుంది. అప్పుడు నిదానంగా చెప్పొచ్చు పిన్ని సంగతి."

అక్క అన్నది నిజమే. సాయంత్రానికి అయిపోతుంది. చిన్నకోడలికి ఆ పొట్ట కళ్ళముందు కనిపించింది కూడా, గడ్డ లేకుండా, ధార లేకుండా. కానీ దాన్ని చూసి బావగారు ఏమంటారో కూడా వినిపించింది. 'చూశారా, పిన్ని మానగానే ఎంత బాగా వచ్చిందో!' ఆ తర్వాత ఎంత నిదానంగా చెప్పినా ఎవరికి ఎక్కుతుంది?

"అప్పుడు చెప్పలేం అక్కా," అని మెట్లెక్కేసింది.

బావగారు ఓడ ముందుభాగం దగ్గర వంగి, లంగరు గొలుసు వేలాడాల్సిన చోట చిల్లు తొలుస్తున్నారు. చిన్నకోడలు ఎదురుగా వెళ్ళి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకుంది.

"బావగారూ, గిన్నెల్లో సబ్బు లేదు. తల్లిసీసాలో నేనే థిన్నర్ పోశాను. రోజూ."

డ్రిల్లు ఆగింది. బావగారు చెక్కపొడి ఊదారు. ఓడ పక్కను మళ్ళీ ఒకసారి నిమిరారు.

"థిన్నర్ పోస్తే ధారలు కట్టాలి. గడ్డలెందుకు కట్టాయి?"

 అక్క పేరు రాకుండా చెప్పొచ్చని చిన్నకోడలు మెట్లమీదే అనుకుంది. రంగు సంగతి తెలిసిన మనిషి ముందు అది కుదరదని అనుకోలేదు.

"గడ్డలు నావి," అని గుమ్మం దగ్గరనుంచి వినిపించింది.

బావగారు భార్యను చూశారు, మరదల్ని చూశారు. ఆయన మొహంలో కోపం వస్తుందని ఇద్దరూ ఎదురుచూశారు. రాలేదు. ఏదో గట్టిగా అతికించాననుకున్న ముక్క చేతిలో ఊడొస్తే చూసినట్టు చూశారు.

"పొట్ట పెయింటర్ చేస్తాడు," అన్నారు. "ఇవాళంతా కూర్చుని ఇద్దరూ ఆ రంగు మొత్తం రుద్దెయ్యండి. ఓ పక్క నువ్వు, ఓ పక్క నువ్వు. ఓడ పైనున్న తెల్లగదులు నువ్వు చల్లుతావమ్మా. రంగు కూడా నువ్వే కలుపుకో. ఎవరు చల్లితే వాళ్ళే కలుపుకోవాలి ఇకమీదట."

తర్వాత డ్రిల్లు వైరు పీకి, చెప్పులేసుకుని దిగారు. చిన్నకోడలు కిటికీలోంచి చూసింది. వెనక సందులోకి తిరిగేముందు ఆయన చొక్కా గుండీ పెట్టుకుని, ఓ క్షణం ఆగి, మళ్ళీ నడిచారు.

*

పెయింటర్ వచ్చాడు. కుర్రవాడేం కాదు, మాటకారీ కాదు. తన కుర్చీ తనే తెచ్చుకున్నాడు. చిన్నకోడలికి కుర్చీ పోలేదుగానీ దాన్ని కిటికీ దగ్గరికి జరుపుకోవాల్సి వచ్చింది. అక్కడ బల్లకు ఓ చివర పెద్దకోడలు పడవలకు రంగు వేస్తోంది, రెండో చివర చిన్నకోడలు తెల్లరంగు కలుపుకోవాలి. మేడ తలుపు మూసి ఉంది.

"థిన్నర్ ఎంత వెయ్యాలక్కా?"

"నన్నడిగితే మీ బావగారు మళ్ళీ..."

"కలపమనడం లేదు. చెప్పమంటున్నా."

పెద్దకోడలు కుంచె ఎడమచేతిలోకి మార్చుకుంది. "తెలుపు మొండిది. నీలానికంటే ఎక్కువ తాగుతుంది. కొద్దికొద్దిగా వెయ్యి. వేసినప్పుడల్లా వంచి చూడు."

"గిన్నె కావాలి," అని చిన్నకోడలు లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది.

పిన్ని పీటమీద కూర్చుని ఉంది. పొద్దున వచ్చింది. బావగారు మెట్లమీద ఏం చెప్పారో, ఎంత చెప్పారో ఆమె ఎవరితోనూ అనలేదు. కుళాయిని కూడా తిట్టలేదు. చిన్నకోడలు చెయ్యి చాపితే గిన్నె ఇవ్వలేదు. కడిగిన గిన్నెను ఎండకు ఎత్తి పట్టుకుంది. నీటిబొట్టు అంచున మెరిసి రాలింది.

"చూడమ్మా. సబ్బుందా?"

చిన్నకోడలు నవ్వబోయింది. పిన్ని నవ్వడం లేదు. గిన్నె అలాగే ఎత్తి పట్టుకుని ఉంది.

"లేదు పిన్నీ."

"సరిగ్గా చూడు. లోపలికి చూడు."

వంగి లోపలికి చూసింది. స్టీలు అడుగున తన మొహమే వంకరగా కనిపించింది.

"లేదు పిన్నీ."

పిన్ని ఆ గిన్నెను గుడ్డమీద బోర్లించి, తొట్టిలోంచి ఇంకోటి తీసింది. కడిగింది. ఎండకు ఎత్తింది.

"ఇందులో?"

లోపల తెల్లరంగు మూత తీసి ఉంది. కంప్రెసర్ నడుస్తోంది. ఆరేలోపు వెళ్ళి కలపాలి. తొట్టినిండా ఇంకా గిన్నెలున్నాయి, కడ్డీలున్నాయి, మూతలున్నాయి. చిన్నకోడలు చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టి, తడినేల మీద పిన్నికి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"లేదు పిన్నీ," అంది, గిన్నె లోపలికి చూసి.

పిన్ని తర్వాతది తీసింది.